గుండెపోటు – తొలి గంట

పాఠ్యభాగ ఉద్దేశం

గుండెపోటు ఏ సూచనా లేకుండా వచ్చి, క్షణంలో ప్రాణం తీసుకొనిపోయే వ్యాధి అని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. చాలా సందర్భాలలో అది వాస్తవం కాదు. శరీరం కొన్ని హెచ్చరికలు చేస్తుంది. వాటిని గుర్తించడంలో, గుర్తించిన తరువాత కదలడంలో జరిగే జాప్యమే ఎక్కువ హాని చేస్తుంది. ఆ హెచ్చరికలు ఎటువంటివో, వాటిని గమనించినప్పుడు ఇంటిలోనివారు ఏమి చేయాలో, ఏమి చేయకూడదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

పాఠ్యాంశం

గుంటూరు జిల్లాలో మిరప పండించే ఒక పల్లె. మాఘమాసపు రాత్రి, రెండు గంటల వేళ. పగలంతా కల్లంలో మిరపకాయలు ఆరబోసి వచ్చి పడుకొన్న నలభై ఎనిమిదేళ్ళ రైతు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. రొమ్ము నడుమ బండరాయి పెట్టి అదిమినట్లుగా ఉన్నది. చలికాలమైనా ఒంటిమీది బనీను చెమటతో తడిసిపోయింది. భార్య లేచి ఏమైందని అడిగితే, "ఏం లేదు, గ్యాసు పట్టింది. సాయంత్రం బజ్జీలు తిన్నాను గదా!" అన్నాడు. ఆమె ఇంత వాము చేతిలో పెట్టి నమలమన్నది, వీపు రాసింది. పావుగంట గడిచింది. నొప్పి తగ్గలేదు సరికదా, ఎడమ భుజంలోకి, అక్కడినుండి దవడలోకి పాకింది.

"తెల్లవారనీ, చూద్దాం. ఇంత రాత్రివేళ ఎవరిని లేపుతాం?" అన్నాడు.

ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురు తలుపు దగ్గర నిలబడి తండ్రి బనీను వైపే చూస్తున్నది.

ఇది కల్పించిన సన్నివేశమే. కాని తెలుగునాట ఎన్నో ఇళ్ళలో, ఊళ్ళు మారుతూ, మాటలు కొద్దిగా మారుతూ ఇటువంటిది జరుగుతూనే ఉంటుంది. ఆ ఇంటిలో తరువాతి గంట ఎట్లా గడుస్తుందన్న దానిమీద ఒక నిండు ప్రాణం ఆధారపడి ఉన్నది. అది ఎందుకో గ్రహించాలంటే ముందుగా గుండె పనితీరును తెలుసుకోవాలి.

గుండె – దాని పోషణ

మనిషి గుండె ఇంచుమించు అతని పిడికిలి అంత ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 300 గ్రాములు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 70 సార్లకు అటూ ఇటూగా, రోజుకు దాదాపు లక్ష సార్లు అది కొట్టుకొంటుంది. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని శరీరమంతటికీ పంపుతుంది. పుట్టుకకు ముందే ఆరంభమైన ఈ పని మరణం వరకు ఒక్క పూట కూడా ఆగదు.

అయితే ఇందులో ఒక విశేషం ఉన్నది. తన గదులనిండా రక్తం ఉన్నా, గుండె కండరం తనకు కావలసిన ప్రాణవాయువును ఆ రక్తంనుండి నేరుగా గ్రహించలేదు. నాగార్జునసాగరం కుడికాలువ నిండుగా పారుతున్నా, ఒక్కొక్క పొలానికి నీరు అందేది దాని పిల్లకాలువ నుండే గదా! అట్లే గుండె కండరానికి రక్తం అందించడానికి ప్రత్యేకమైన నాళాలు ఉన్నవి. వాటిని హృదయ ధమనులు అంటారు. వైద్యులు కరోనరీ ధమనులు అని వ్యవహరించేవి ఇవే. బృహద్ధమని మొదటనే పుట్టి, కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటిగా బయలుదేరి, శాఖోపశాఖలుగా చీలి ఇవి గుండెను అల్లుకొని ఉంటాయి.

ఏళ్ళ తరబడి ఈ ధమనుల లోపలి గోడలలో కొవ్వు పేరుకొంటుంది. నీటి గొట్టానికి గార పట్టినట్లు దారి ఇరుకవుతుంది. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తంలో చెడు కొలెస్టరాలు అధికం కావడం మొదలైన కారణాలు ఈ పనిని వేగవంతం చేస్తాయి. ఒకనాడు ఆ కొవ్వుపొర చిట్లుతుంది. చిట్లిన చోట, గాయమైనప్పుడు చర్మం మీద గడ్డకట్టినట్లే, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ దారిని పూర్తిగా మూసివేస్తే దాని దిగువనున్న కండరానికి రక్తప్రసరణ నిలిచిపోతుంది. ఇదే గుండెపోటు. దీనినే హృదయాఘాతం అని కూడా అంటారు.

రక్తం అందని కండరం వెంటనే చనిపోదు. సుమారు 20 నుండి 30 నిమిషాల తరువాత కణాలు నశించడం మొదలై, లోపలినుండి వెలుపలికి గంటల తరబడి ఆ నాశనం వ్యాపిస్తూ పోతుంది. నీరు ఆగిన మడిలో పైరు ఒక్క రోజులో ఎండిపోదు. కాని ఎండిన పైరుకు తరువాత ఎంత నీరు పెట్టినా అది లేవదు. గుండె కండరం సంగతీ అంతే. చనిపోయిన భాగం మచ్చగా మిగిలిపోతుంది గాని, తిరిగి పూర్వపు బలాన్ని పొందదు. కనుక ఎంత త్వరగా దారి తెరిస్తే అంత కండరం దక్కుతుంది. తొలి గంటను వైద్యులు అమూల్యమైనదిగా చెప్పడానికి కారణం ఇదే.

ఒకనాటి నమ్మకం – ఒక వైద్యుని పరిశీలన

1768లో విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు లండనులో ఒక ప్రసంగం చేస్తూ, నడుస్తున్నప్పుడు రొమ్ములో బిగదీసినట్లు వచ్చి, ఆగి నిలబడగానే తగ్గిపోయే బాధను వర్ణించాడు. అదే నేడు గుండెనొప్పి, వైద్యుల భాషలో ఆంజైనా అని పిలిచే స్థితి. ధమని ఇరుకైనదని, ఇంకా పూర్తిగా మూసుకొనలేదని దానికి అర్థం.

ధమని పూర్తిగా మూసుకొనిపోతే మాత్రం రోగి ఆ క్షణమే మరణిస్తాడని ఇరవయ్యో శతాబ్ది ఆరంభం వరకు వైద్యులలో సైతం గట్టి నమ్మకం ఉండేది. 1912లో షికాగో నగరానికి చెందిన జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు ఆ నమ్మకాన్ని ప్రశ్నించాడు. ధమని మూసుకొన్నవారందరూ తక్షణమే మరణించరనీ, కొందరు గంటలు, కొందరు రోజులు, మరికొందరు ఏళ్ళు జీవించగలరనీ, బ్రతికి ఉన్న రోగిలోనే ఈ వ్యాధిని గుర్తించవచ్చుననీ ఆయన నిరూపించాడు. ఆనాడు ఆ వ్యాసాన్ని పట్టించుకొన్నవారు తక్కువ. కాని గుండెపోటుకు, మరణానికి నడుమ కొంత వ్యవధి ఉన్నదన్న ఆ ఎరుక మీదనే నేటి చికిత్స అంతా నిలిచి ఉన్నది.

ఇక్కడ ఇంకొక భేదాన్ని కూడా గమనించాలి. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తపు దారి మూసుకొంటుంది. రోగికి సాధారణంగా తెలివి ఉంటుంది, మాట్లాడతాడు. గుండె ఆగిపోయినప్పుడు లయ పూర్తిగా చెడి, రక్తం పారడం నిలిచి, మనిషి కుప్పకూలుతాడు, ఊపిరి ఆగిపోతుంది. మొదటిది రెండవదానికి దారితీయవచ్చు. అది ఏ క్షణంలోనైనా జరగవచ్చు గనుకనే గుండెపోటు వచ్చిన మనిషిని ఒంటరిగా వదలరాదు.

శరీరం చేసే హెచ్చరికలు

చాలామంది గుండెపోటు అనగానే చలనచిత్రాలలో చూపినట్లు చేత్తో రొమ్ము పట్టుకొని నేలకొరిగే దృశ్యాన్ని ఊహించుకొంటారు. వాస్తవంలో అది ఎక్కువగా మెల్లగా మొదలవుతుంది. సాధారణంగా కనిపించే లక్షణాలు ఇవి:

1. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లు, పిండినట్లు, బిగించినట్లు లేక మంటగా ఉండడం. రోగి సూదితో పొడిచినట్లున్న ఒక బిందువును వేలితో చూపడు. తరచుగా అరచేతినో పిడికిలినో రొమ్ముపై ఉంచి చూపుతాడు.
2. ఆ బాధ విశ్రాంతి తీసుకొన్నా తగ్గకపోవడం. లేదా కొంత తగ్గి మళ్ళీ రావడం.
3. ఎడమ చేయి, రెండు చేతులు, భుజాలు, మెడ, దవడ, వీపు, పొట్ట పైభాగం – వీటిలో ఏదో ఒకదానికి నొప్పి పాకడం.
4. కారణం లేకుండా చల్లని చెమటలు పట్టడం.
5. ఆయాసం, ఊపిరి అందకపోవడం.
6. వికారం, వాంతి.
7. కళ్ళు తిరగడం, ఒక్కసారిగా నీరసం ఆవహించడం.

ఇవన్నీ ఒకే మనిషిలో కనబడాలన్న నియమం లేదు. స్త్రీలలోనూ రొమ్ము బరువే ముఖ్య లక్షణం. అయితే దానితోపాటు, కొన్నిసార్లు అది లేకుండానే, ఆయాసం, వికారం, దవడనొప్పి, వీపునొప్పి, విపరీతమైన అలసట వారిలో ఎక్కువగా కనిపిస్తాయి. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో నరాలు దెబ్బతిని ఉండడంవల్ల నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు. వృద్ధులలో అకస్మాత్తుగా వచ్చిన ఆయాసమో, స్పృహ తప్పడమో ఏకైక లక్షణం కావచ్చు. కనుక "నొప్పి లేదు గదా" అన్న మాట ధైర్యానికి ఆధారం కాదు.

వయస్సు కూడా భరోసా ఇవ్వదు. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పరిశీలన ఫలితాలు 2004లో వెలువడినవి. ఇతర ప్రాంతాలవారితో పోలిస్తే దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు కొన్ని ఏళ్ళు ముందుగానే వస్తున్నట్లు ఆ పరిశీలన సమాచారమే తెలిపింది. సంపాదించే వయస్సులో, పిల్లలు చదువుకొంటున్న దశలో వచ్చే ఈ ఆపద ఒక మనిషితో ఆగక కుటుంబాన్నంతటినీ కుదుపుతుంది.

ఆలస్యానికి కారణాలు

అంబులెన్సు రావడానికి పట్టే కాలంకంటే దానిని పిలవాలా వద్దా అన్న సందేహంలో గడిచే కాలమే తరచుగా ఎక్కువ. ఈ సందేహానికి మూలాలు చాలా ఉన్నవి.

మొదటిది గ్యాసు అన్న మాట. పొట్ట పైభాగపు బాధకు, గుండె బాధకు పోలిక ఉండడం నిజమే. ఆ రెండింటిని వేరుచేయడం ఒక్కొక్కసారి వైద్యునికి సైతం పరీక్షలు లేకుండా సాధ్యం కాదు. అటువంటప్పుడు వాము, సోడా, జీలకర్ర నీళ్ళు ఇచ్చి తగ్గుతుందేమోనని ఎదురుచూడడం ఎంతవరకు సమంజసం? తేన్పు వచ్చి కొంత హాయి కలిగినంత మాత్రాన అది గుండెపోటు కాదని తేలిపోదు.

రెండవది మొహమాటం. ఇరుగుపొరుగువారిని నిద్రలేపడం, తీరా ఆసుపత్రికి వెళ్ళాక ఏమీ లేదంటే నలుగురిలో నగుబాటు కావడం – ఈ సంకోచం ప్రాణభయాన్ని కూడా మించిపోతుంది. మూడవది ఖర్చు గురించిన దిగులు. నాలుగవది పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పలేకపోవడం. ఇంటి యజమాని "ఏమీ లేదు" అంటే, అందరికీ అనుమానం ఉన్నా ఎవరూ నోరు మెదపరు. స్త్రీల విషయంలో పరిస్థితి మరింత విచారకరం. పని ఒత్తిడివల్ల వచ్చిన నీరసమని ఇంటివారు అనుకొంటారు. ఆమె కూడా అట్లే సరిపెట్టుకొంటుంది.

వీటన్నిటికీ సమాధానం ఒక్కటే. గుండెపోటని నిర్ధారించడం ఇంటివారి బాధ్యత కాదు, అది వైద్యుని పని. ఇంటివారు చేయవలసింది అనుమానించడం మాత్రమే. అనుమానం తప్పైతే పోయేది ఒక రాత్రి నిద్ర. ధీమా తప్పైతే పోయేది ప్రాణం.

చేయవలసిన పనులు

రోగిని ఉన్నచోటనే కూర్చుండబెట్టాలి. వీపునకు గోడనో దిండ్లనో ఆనించి, మోకాళ్ళు కొంచెం ముడిచి ఉంచితే గుండెకు శ్రమ తగ్గుతుంది. బిగుతైన దుస్తులు వదులు చేయాలి. చుట్టూ గుంపు చేరకుండా గాలి ఆడనివ్వాలి. ధైర్యం చెప్పాలి.

వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ సేవ హైదరాబాదు కేంద్రంగా 2005 ఆగస్టు 15న ఆరంభమై, తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. ఫోన్ చేసినవారు ఊరు, వీధి, దగ్గరలోని గుడి లేక బడి వంటి గుర్తు, రోగి వయస్సు, బాధ ఎప్పుడు మొదలైంది అన్న విషయాలు తడబడకుండా చెప్పాలి. అవతలివారు చెప్పేవరకు ఫోన్ పెట్టివేయరాదు. ఒకరు వీధి మొగలో లైటుతో నిలబడి వాహనానికి దారి చూపడం మేలు. అంబులెన్సు అందుబాటులో లేదని తేలితే, మరొకరు నడిపే వాహనంలో, ఈసీజీ సౌకర్యం ఉన్న దగ్గరి ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఆస్పిరిన్ మాత్ర రక్తం గడ్డకట్టడాన్ని అడ్డుకొంటుంది. గుండెపోటు వచ్చినవారికి దానిని వెంటనే ఇస్తే మరణాలు తగ్గుతాయని 1988లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన రుజువు చేసింది. ఫోన్‌లో మాట్లాడే వైద్య సిబ్బంది సూచిస్తే 300 లేక 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను నమిలి మ్రింగాలి. ఆ మందు పడనివారికి, కడుపులో పుండ్లు లేక రక్తస్రావం ఉన్నవారికి, పక్షవాత లక్షణాలున్నవారికి దానిని ఇవ్వరాదు. మాత్ర వెదకడం కోసం ఫోన్ చేయడం ఆలస్యం కారాదు.

చేయకూడని పనులు

రోగిని నడిపించరాదు, మెట్లు ఎక్కించరాదు, దింపరాదు. అవసరమైతే కుర్చీలో కూర్చుండబెట్టి మోసుకొనిపోవాలి. తానే వాహనం నడుపుకొంటూ పోతానంటే ఎంతమాత్రం అంగీకరించరాదు. దారిలో స్పృహ తప్పితే ప్రాణాపాయం అతనొక్కనికే కాదు. తినడానికి, త్రాగడానికి ఏమీ పెట్టరాదు. నాలుక క్రింద ఉంచుకొనే సార్బిట్రేట్ వంటి మాత్రను, ఆ రోగికి పూర్వమే వైద్యుడు వ్రాసి ఇచ్చి ఉంటే తప్ప, పొరుగింటి నుండి తెచ్చి వేయరాదు. దానివల్ల రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గట్టిగా దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగుతుందని సెల్‌ఫోన్లలో వచ్చే సందేశాలను నమ్మరాదు.

గుండె ఆగిపోతే

రోగి కుప్పకూలి, పిలిచినా పలుకక, ఊపిరి తీసుకోకుండా ఉంటే, లేదా చేపవలె అప్పుడప్పుడు నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే, గుండె ఆగిపోయిందని భావించాలి. మెదడు రక్తం లేకుండా నాలుగైదు నిమిషాలకు మించి ఓర్వలేదు. అంబులెన్సు వచ్చేవరకు ఆ రక్తాన్ని చేతులతోనే పారించవచ్చునని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. నేడు సీపీఆర్ అని పిలిచే పద్ధతికి అదే పునాది.

రోగిని గట్టి నేలమీద వెల్లకిల పడుకోబెట్టాలి. రొమ్ము నడిమి ఎముక దిగువ భాగాన ఒక అరచేతి మడమను ఉంచి, దానిపై రెండవ చేతిని ఉంచాలి. మోచేతులు వంచకుండా, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు దిగేటట్లు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ రొమ్ము తిరిగి పైకి లేవనివ్వాలి. అలసిపోతే మరొకరు అందుకోవాలి గాని ఆపరాదు. ఏమీ చేయక ఊరకుంటే గడిచే ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి 7 నుండి 10 వంతుల చొప్పున తగ్గిపోతుంది. విద్యార్థులు కళాశాలలో జరిగే ప్రథమ చికిత్స శిక్షణలో దీనిని బొమ్మపై అభ్యసించడం ఎంతో అవసరం.

ఆసుపత్రిలో

రోగి చేరిన 10 నిమిషాలలోపు ఈసీజీ తీయాలన్నది వైద్యులు పాటించే నియమం. గుండెలోని విద్యుత్ తరంగాలను కాగితంపై గీతలుగా చూపే ఈ సాధనాన్ని రూపొందించిన విలెమ్ ఐంతోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానం లభించింది. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన భయం తొలగినట్లు కాదు. బాధ ఉన్నంతవరకు దానిని మళ్ళీ మళ్ళీ తీస్తారు. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు.

ధమని పూర్తిగా మూసుకొన్నదని తేలితే రెండు మార్గాలు ఉన్నవి. ఒకటి, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం. బాధ మొదలైన 12 గంటలలోపు దీనిని ఇవ్వవచ్చును గాని, తొలి గంటలలో ఇచ్చినప్పుడే ఫలితం అధికం. రెండవది యాంజియోప్లాస్టీ. చేతి లేక తొడ నాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి, బుడగతో దారి తెరిచి, మళ్ళీ మూసుకొనకుండా స్టెంటు అనే జాలీని అమర్చుతారు. ఆంద్రియాస్ గ్రూంట్‌జిగ్ 1977లో జ్యూరిచ్ నగరంలో తొలిసారి ఈ చికిత్సను మనిషి హృదయ ధమనిపై చేశాడు. స్టెంటు ధర సామాన్యునికి అందని కాలంలో, 1990 దశకంలో, హైదరాబాదులో హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజు, శాస్త్రవేత్త డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చుతో ఒక స్టెంటును రూపొందించారు. అది కలాం–రాజు స్టెంటుగా ప్రసిద్ధి పొందింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు గరిష్ఠ పరిమితి విధించింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం నేడు రెండు తెలుగు రాష్ట్రాలలో వేర్వేరుగా కొనసాగుతూ, అర్హత గల కుటుంబాల గుండె చికిత్స వ్యయాన్ని భరిస్తున్నది. అందుచేత ఖర్చుకు వెరచి ఇంటిలో కూర్చోవడం తగదు.

రాకుండా కాపాడుకోవడం

2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 79 లక్షలమంది గుండె, రక్తనాళాల వ్యాధులతో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీటిలో ఎన్నో మరణాలు నివారింపదగినవి. బీడీ, సిగరెట్టు, గుట్కా – పొగాకు ఏ రూపంలో ఉన్నా విడిచిపెట్టాలి. రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు పరీక్ష చేయించుకొని అదుపులో ఉంచుకోవాలి. ఆవకాయ, అప్పడం, వడియాల రూపంలో చేరే ఉప్పును తగ్గించాలి. రోజూ అరగంట వేగంగా నడవాలి. పెద్దవారికి ఈ అలవాట్లను గుర్తుచేయవలసినవారు చదువుకొంటున్న పిల్లలే. ఏటా సెప్టెంబరు 29న జరిగే ప్రపంచ హృదయ దినోత్సవం ఉద్దేశం కూడా ఇదే.

ముగింపు

ఆ రాత్రి ఆ పల్లెలో తలుపు దగ్గర నిలబడిన అమ్మాయి ఇంకొక పావుగంట ఎదురుచూడలేదు. తండ్రి వారిస్తున్నా 108కి ఫోన్ చేసింది. "గ్యాసుకు అంబులెన్సు ఏమిటే? ఊళ్ళోవాళ్ళు నవ్విపోతారు" అని ఆయన విసుక్కొన్నాడు. "గ్యాసే అయితే నవ్వుకొంటూ తిరిగి వద్దాం నాన్నా!" అన్నది ఆమె. తల్లి టార్చిలైటు తీసుకొని వీధిలోకి నడిచింది. ఫోన్‌లోని మనిషి అడిగి, చెప్పిన మీదట తండ్రిచేత ఆస్పిరిన్ నమిలించింది. ఆసుపత్రిలో ఈసీజీ కాగితం చూసిన వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది?" అని. "రెండు గంటలకు" అని ఆమె చెప్పింది. గోడ గడియారంలో అప్పుడు మూడు కావస్తున్నది. తెల్లవారేవరకు ఆగి ఉంటే ఆ ప్రశ్నకు సమాధానం వేరుగా ఉండేది.

నెల తిరగకముందే ఆ రైతు మెల్లగా నడుచుకొంటూ కల్లం దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

కఠిన పదాలకు అర్థాలు

జాప్యం = ఆలస్యం
కల్లం = పంటను ఆరబోసే, నూర్చే చోటు
బృహద్ధమని = గుండెనుండి శరీరానికి రక్తం తీసుకొనిపోయే పెద్ద నాళం
శాఖోపశాఖలు = కొమ్మలు, వాటి నుండి చీలిన రెమ్మలు
వ్యవధి = మధ్యకాలం, గడువు
లయ = క్రమమైన నడక
సమంజసం = తగినది
నగుబాటు = నవ్వులపాలు కావడం
ఎగశ్వాస = కష్టంతో పైకి లాగే ఊపిరి

అభ్యాసాలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గుండెపోటు ఎట్లా వస్తుందో వివరించి, తొలి గంట ఎందుకు అమూల్యమో తెలపండి.
2. గుండెపోటు లక్షణాలు కనిపించినప్పుడు చేయవలసిన, చేయకూడని పనులను పాఠం ఆధారంగా వ్రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గుండెనొప్పి, గుండెపోటు, గుండె ఆగిపోవడం – వీటి మధ్య గల భేదాలేవి?
2. జేమ్స్ హెరిక్ పరిశీలన ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యానికి గల కారణాలు ఏవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఇంత రాత్రివేళ ఎవరిని లేపుతాం?
2. గ్యాసే అయితే నవ్వుకొంటూ తిరిగి వద్దాం నాన్నా!

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళాలను ఏమంటారు?
2. 108 సేవ ఎప్పుడు ఆరంభమైంది?
3. నొప్పి తెలియకుండా గుండెపోటు ఎవరికి రావచ్చు?

V. సంధులు
హృదయాఘాతం = హృదయ + ఆఘాతం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
ముఖ్యోద్దేశం = ముఖ్య + ఉద్దేశం – గుణ సంధి
మొదలైన = మొదలు + ఐన – ఉత్వ సంధి

VI. సమాసాలు
రక్తప్రసరణ = రక్తము యొక్క ప్రసరణ – షష్ఠీ తత్పురుష సమాసం
రెండు చేతులు = రెండు అను సంఖ్య గల చేతులు – ద్విగు సమాసం
ఇరుగుపొరుగు = ఇరుగును, పొరుగును – ద్వంద్వ సమాసం

VII. కృత్యం
మీ ఇంటికి దగ్గరలో ఈసీజీ సౌకర్యం ఉన్న ఆసుపత్రి ఏదో, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో తెలుసుకొని, మీ ఇంటి చిరునామాను గుర్తులతో సహా అరనిమిషంలో ఫోన్‌లో చెప్పడం అభ్యసించండి.